కప్ప తన తోకను తానే పరాయిదనుకుంటుందా?

పోయిన సంచికలో టీకాల గురించి రాస్తూ, యాంటీబాడీలు మనుషుల సొంతం కావు, కప్పకూ ఉంటాయని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోయాను. దాన్ని పట్టుకుని ఇన్ని ఉత్తరాలు రావడం నాకెంతో సంతోషం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పని కప్పలతోనే. తోకకప్పలను పెంచడం, వాటి థైమస్ గ్రంథులను (రోగాలతో పోరాడే టి కణాలు తయారై పాఠాలు నేర్చుకునే చోటు) సూక్ష్మదర్శిని కింద చూడడం, రూపవిక్రియలో, అంటే తోకకప్ప కప్పగా మారడంలో, ఏ దశలో ఏ కణాలు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోవడం. అందుకని ఈసారి శీర్షిక మొత్తం కప్పలకే ఇచ్చేస్తున్నాను. ఒకే సందేహం చాలామంది అడిగినచోట ఉత్తరాలను కలిపేశాను.

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను. రూపవిక్రియలో మొప్పలు పోయి ఊపిరితిత్తులు వస్తాయని, పొడుగాటి పేగు పొట్టిదవుతుందని చదువుకున్నాం. వ్యాధినిరోధక వ్యవస్థ సంగతేమిటి? తోకకప్పలో ఉన్నదే పెద్ద కప్పకూ వస్తుందా? మా పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

జవాబు: ఆ వాక్యం పుస్తకంలో ఉండాల్సిందేనమ్మా. కప్ప తన వ్యాధినిరోధక వ్యవస్థను ఒకే జీవితంలో రెండుసార్లు కట్టుకుంటుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే కప్పల చావుబతుకుల గురించి సగం అర్థమైనట్టే.

ఈ సంగతులు మనకు తెలిసింది చాలావరకు ఒక్క జాతి వల్ల. దాని పేరు జెనోపస్ లీవిస్, ఆఫ్రికా గోళ్ల కప్ప. 1930ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు గర్భనిర్ధారణ పరీక్షకు దీన్ని వాడారు. గర్భిణి మూత్రాన్ని ఆడకప్పకు ఎక్కిస్తే కొద్ది గంటల్లో గుడ్లు పెట్టేది. అలా దేశదేశాల ప్రయోగశాలల్లోకి చేరిన కప్ప, ఆ పరీక్ష పాతబడ్డాక కూడా అక్కడే ఉండిపోయి మరెన్నో రహస్యాలు చెప్పింది. దాని తోకకప్ప ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది. కళ్లకు కాస్త వెనగ్గా, అటొకటీ ఇటొకటీ, రెండు చిన్న చుక్కలు చర్మంలోంచే కనిపిస్తాయి. అవే థైమస్ గ్రంథులు. కోత కోయకుండా బతికున్న జంతువులో థైమస్‌ను చూడగలగడం ఎంత అదృష్టమో ఎలుకలతో పనిచేసేవాళ్లను అడిగితే చెబుతారు.

గుడ్డు ఫలదీకరణ జరిగిన మూడో రోజు ప్రాంతంలోనే థైమస్ ఏర్పడడం మొదలవుతుంది. వారం తిరిగేసరికి అందులో టి కణాలూ (సోకిన కణాలను పసిగట్టేవి), కాలేయంలో బి కణాలూ (యాంటీబాడీలు చేసేవి) తయారవుతుంటాయి. రెండు వారాల వయసుకు ఆ చిన్నప్రాణి యాంటీబాడీలు చేయగలదు. టి, బి కణాలను కలిపి లింఫోసైట్లు అంటాం. అప్పటికి దాని ఒంట్లో ఉన్న లింఫోసైట్లు లక్షల్లోనే. మనిషి ఒంట్లో అవి లక్షల కోట్లలో ఉంటాయి. ఇంత చిన్న బలగంతో, బ్యాక్టీరియా నిండిన నీళ్లలో ఈదుతూ బతకాలి.

అయితే ఆ బలగం పెద్ద కప్ప బలగానికి చిన్న నమూనా కాదు, తీరే వేరు. ఒంట్లోని ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కలను కొన్నిటిని, పళ్లెంలో పెట్టి అందించినట్టు, పైపొర మీదికి తెచ్చి చూపిస్తుంది. ఆ పళ్లేన్నే ఎంహెచ్‌సీ ఒకటో తరగతి అణువు అంటాం. వైరస్ సోకిన కణాన్ని టి కణం పసిగట్టేది ఇక్కడే. జెనోపస్ తోకకప్ప కణాల మీద ఈ అణువులు రూపవిక్రియ దాకా సరిగ్గా కనిపించనే కనిపించవు. రెండో తరగతి అణువులు ఉంటాయి కానీ కొన్ని రకాల కణాల మీదే. యాంటీబాడీల వైవిధ్యమూ తక్కువే. యాంటీబాడీ జన్యువుల ముక్కలు అతుక్కునేటప్పుడు అతుకు దగ్గర కొత్త అక్షరాలు చొప్పించే ఎంజైము ఒకటుంది. తోకకప్పలో అది దాదాపు పనిచేయదు, పెద్ద కప్పలో చురుగ్గా పనిచేస్తుంది. కాబట్టి ఒకే రోగకారకాన్ని ఎక్కించినా తోకకప్ప చేసే యాంటీబాడీలు, కప్ప చేసే యాంటీబాడీలు ఒకటి కావు.

ఇక రూపవిక్రియ. థైరాయిడ్ హార్మోను పెరుగుతుంది, దాంతోపాటు కార్టికోస్టీరాయిడ్లనే ఒత్తిడి హార్మోన్లూ పెరుగుతాయి. ఈ రెండోవి లింఫోసైట్లను చంపేస్తాయి. కొద్ది రోజుల్లోనే థైమస్‌లో ఉన్నవాటిలో చాలా భాగం పోతాయి, ప్లీహంలోనూ తగ్గుతాయి. కనుపాపంత ఉన్న థైమస్ చుక్క చిక్కిపోవడం కంటికే తెలుస్తుంది. ఆ తర్వాత అదే గ్రంథి మళ్లీ నిండుతుంది, ఈసారి కొత్త తరం కణాలతో. కణాల మీద ఒకటో తరగతి అణువులు కనిపించడం మొదలవుతుంది. రెండో తరగతివి మరిన్ని కణాల మీదికి వ్యాపిస్తాయి.

ఉన్న సైన్యాన్ని చంపుకోవడం ఎందుకంటావా? రూపవిక్రియలో కప్ప ఒంట్లో అప్పటిదాకా లేని ప్రొటీన్లు పుట్టుకొస్తాయి. హీమోగ్లోబిన్ మారుతుంది, చర్మానికి గట్టిదనమిచ్చే కెరాటిన్లనే ప్రొటీన్లు మారతాయి. తోకకప్ప టి కణాలు నేర్చుకున్న ‘నాది’ అనే జాబితాలో ఇవేవీ లేవు. పాత కణాలన్నీ బలంగా అలాగే ఉండిపోతే, కొత్తగా వస్తున్న తన సొంత చర్మం మీదే దాడికి దిగే ప్రమాదముంది. అందుకే దాడి చేసేవాళ్లను తగ్గించి, కొత్త ఒంటిని చూపించి, కొత్తవాళ్లకు మళ్లీ మొదటినుంచి నేర్పించడం. ఈ వాదనకు బలమైన ఆధారం చర్మం అతికించిన ప్రయోగాల్లో ఉంది. పెద్ద జెనోపస్‌కు ఎంహెచ్‌సీ కలవని మరో కప్ప చర్మం అతికిస్తే సుమారు మూడు వారాల్లో తోసిపారేస్తుంది. తేడాలు చిన్నవైన చర్మాన్ని రూపవిక్రియ రోజుల్లో అతికిస్తే తరచుగా సహిస్తుంది, పెద్దయ్యాక కూడా ఉంచుకుంటుంది. ఆ కొన్ని రోజులూ కప్ప ‘ఏది నాది, ఏది కాదు’ అనే హద్దును మళ్లీ గీస్తోందన్నమాట.

ఈ ఏర్పాటుకు కట్టాల్సిన మూల్యం కూడా ఉంది. నేను పెంచిన తోకకప్పల విషయంలో నాకు ఎక్కువ భయం ముందుకాళ్లు బయటికొచ్చే రోజుల్లోనే. నీళ్లు శుభ్రంగా ఉన్నాయా, ఒకే తొట్టిలో మరీ ఎక్కువ ఉన్నాయా అని ఆ రోజుల్లో చూసినంతగా మరెప్పుడూ చూసేదాన్ని కాదు. పాత రక్షణ పోయి కొత్తది ఇంకా నిలదొక్కుకోని సమయమది. తిండి కూడా మానేసి ఉంటుంది, నోరూ పేగూ మారుతుంటాయి కాబట్టి. కింద ఇంకో ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది, గుర్తుపెట్టుకో.

ప్రశ్న: మా పాపకు తోకకప్పల వీడియోలంటే ప్రాణం. తోక ఎక్కడికి పోయింది నాన్నా అని అడుగుతోంది. ఇంటర్నెట్‌లో వెతికితే, కప్ప వ్యాధినిరోధక వ్యవస్థే తోకను శత్రువనుకుని తినేస్తుందని ఒకచోట చదివాను. నిజమేనా?

జవాబు: తోక రాలిపోదని ముందు పాపకు చెప్పండి. కరిగి, ఒంట్లోకే ఇంకిపోతుంది. తిండి మానేసిన ఆ రోజుల్లో దానికి అదే కొంత ఆహారం.

మీరు చదివిన మాట గాలికబురు కాదండీ. దాని వెనక అందమైన ప్రయోగాలున్నాయి. జపాన్‌లో నిగాటా విశ్వవిద్యాలయానికి చెందిన యుమి ఇజుత్సు, జన్యుపరంగా అచ్చం ఒకేలా ఉండే కప్పల వంశంతో పనిచేశారు. అలాంటి కప్పల మధ్య చర్మం మార్చినా తోసిపుచ్చడం ఉండకూడదు. అయినా తోకకప్ప చర్మాన్ని అదే వంశపు పెద్ద కప్పకు అతికిస్తే అది పరాయిదన్నట్టు తోసేసింది! అంటే పెద్దయిన కప్పకు తన చిన్ననాటి చర్మం పరాయిదైపోయింది. ఆ పరాయితనం ఎందులో ఉందని వెతికి, 2009లో ఆ బృందం తోక చర్మంలో ఉండే, కెరాటిన్లకు దగ్గరి చుట్టాలైన రెండు ప్రొటీన్లను చూపించింది. వాటికి ‘ఔరో’ అని పేరు పెట్టారు. వాటిని ముందుగానే ఎక్కువగా తయారయ్యేట్టు చేస్తే తోక వేళకు ముందే క్షీణించింది. తయారు కాకుండా అడ్డుకుంటే తోక మిగిలిపోయింది. టి కణాలే తోకను తొలగిస్తున్నాయన్న ఆలోచనకు దీంతో గొప్ప బలం వచ్చింది. నేను కూడా ఆ ఫలితాలు చదివి ఎంతో ఉత్సాహపడ్డాను.

కానీ 2016లో హిరోషిమా విశ్వవిద్యాలయం పరిశోధకులు దగ్గరి జాతి అయిన జెనోపస్ ట్రాపికాలిస్‌లో ఆ జన్యువులనే పనిచేయకుండా చేసి చూశారు. తోక ఎప్పటిలాగే కరిగిపోయింది. ఇంకా పాత సాక్ష్యం ఒకటుంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా బలమైనది. తోక కొసను కత్తిరించి గాజుపాత్రలో పెట్టి, ఆ ద్రవంలో థైరాయిడ్ హార్మోను కలిపితే చాలు. ప్లీహం లేదు, థైమస్ లేదు, రక్తప్రవాహం లేదు. అయినా తోక తనంతట తాను కుంచించుకుపోతుంది. థైరాయిడ్ తినిపిస్తే తోకకప్ప వేళకు ముందే కప్పవుతుందని గుడర్నాచ్ అనే శాస్త్రవేత్త చూపించింది 1912లోనే కదా. హార్మోను చెప్పగానే తోక కణాలు తమను తాము చంపుకుంటాయి, చుట్టూ కణాలను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను కరిగించే ఎంజైములు పుట్టుకొస్తాయి, మిగిలిన చెత్తను మ్యాక్రోఫేజ్ కణాలు మింగేస్తాయి. మ్యాక్రోఫేజ్‌లు వ్యాధినిరోధక వ్యవస్థవే కాబట్టి ‘తినడం’ అన్న మాటలో ఆ మేరకు నిజముంది. తోకను శత్రువుగా గుర్తించి దండెత్తడం వల్లే అది పోతుందన్నది మాత్రం నేను ఒప్పుకోలేను. చిన్ననాటి చర్మాన్ని పెద్ద కప్ప పరాయిదిగా చూడగలదు. ఆ చూపు లేకపోయినా తోక పోతుంది. ఈ రెండూ ఏకకాలంలో నిజాలే.

ప్రశ్న: తోకకప్పకు టి కణాలు సరిగా లేవంటున్నారు. మరి దానికి వైరస్ వస్తే ఎలా? (ఆరో తరగతి విద్యార్థి)

జవాబు: బాబూ, లేవని కాదు, వేరే రకంవి ఉన్నాయి. పెద్ద కప్పలో టి కణాలు ఒక్కొక్కటి ఒక్కో ఆకారాన్ని గుర్తుపడతాయి, అవి రకరకాలు. తోకకప్పలో కొద్దిమందే కాబట్టి అన్ని రకాలు పెట్టుకునే వీల్లేదు. అందుకని ఎక్కువ భాగం ఆరు రకాలకే కేటాయించుకుంటుంది. ఒక్కో రకంలో చాలా కణాలు, అన్నిటికీ ఒకే గ్రాహకం, అంటే రోగాన్ని గుర్తుపట్టే ఒకే కొక్కెం. రోగం రాగానే ఒకేసారి కదులుతాయి. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జాక్ రాబర్ట్ బృందం వీటిలో ఒక రకాన్ని తోకకప్పలో లేకుండా చేసి, కప్పలకు వచ్చే రానావైరస్ అనే వైరస్‌ను సోకించింది. ఆ తోకకప్పలు మామూలువాటికన్నా త్వరగా చనిపోయాయి. మనిషిలో కూడా ఇలాంటి కణాలు కొన్ని ఉన్నాయి. అయినా ఆ వైరస్ ముందు తోకకప్పలు బలహీనమే. పెద్ద కప్ప కొన్ని వారాల్లో దాన్ని వదిలించుకుంటుంది, తోకకప్పలు ఎక్కువగా చనిపోతాయి.

ప్రశ్న: చేప నుంచి కప్ప, కప్ప నుంచి పాము, చివరికి మనిషి అని మెట్లుమెట్లుగా చదువుకున్న తరం మాది. ఆ లెక్కన కప్ప వ్యాధినిరోధక శక్తి మనదానికంటే నాసిరకంగానే ఉండాలి కదా? దాన్ని చదివితే మనకు ఒరిగేదేమిటి?

జవాబు: మెట్ల బొమ్మను దయచేసి చెరిపేయండి సార్. ఇప్పుడున్న కప్ప మన ముత్తాత కాదు. దాని వంశమూ మన వంశమూ విడిపోయి సుమారు 35 కోట్ల సంవత్సరాలు. ఆ 35 కోట్ల ఏళ్లూ కప్పలు కూడా మారుతూనే ఉన్నాయి. కాబట్టి కప్పలోనూ మనలోనూ ఒకేలా ఉన్నది బహుశా ఆ ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చింది. తేడాగా ఉన్నది ఎవరికి వారు మార్చుకున్నది. కప్పను చదవడంలో ఒరిగేది ఈ తేడాపాడాలు విడదీయగలగడమే.

జన్యువుల ముక్కలను కత్తిరించి అతికించి కోట్ల రకాల గ్రాహకాలు తయారుచేసే పద్ధతి దవడలున్న జీవులతో పాటు సుమారు 50 కోట్ల ఏళ్ల కిందట వచ్చింది. దవడల్లేని లాంప్రేలనే పాములాంటి చేపల్లో ఆ పద్ధతి లేదు. వాటికి పూర్తిగా వేరే రకం ప్రొటీన్లతో చేసిన యాంటీబాడీల వంటివి ఉన్నాయని 2004లో బయటపడింది. సొరచేపలకు మన పద్ధతే ఉంది. కప్పల దగ్గరికి వచ్చేసరికి ఇంకో అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. మొదట ఐజీఎం అనే రకం యాంటీబాడీ చేసిన కణం, గుర్తుపట్టే కొసను అలాగే ఉంచి, వెనక భాగాన్ని మార్చుకుని ఐజీవై చేయడం. మన ఒంట్లో ఐజీఎం నుంచి ఐజీజీకి మారడం ఇదే పద్ధతి. మన ఐజీజీకి పూర్వరూపం ఐజీవై వంటిదే. పేగులో మనకు ఐజీఏ చేసే పని, కప్పలో ఐజీఎక్స్ అనే రకం చేస్తుంది.

కప్పకు లేనివీ ఉన్నాయి. శోషరస కణుపులు లేవు. మెడ కింద గడ్డలు కట్టాయని మనం అంటామే, అవి. టీకా వేశాక మన కణుపుల్లోనూ ప్లీహంలోనూ ఏర్పడే జెర్మినల్ సెంటర్లు, అంటే బి కణాలు గుంపుగా చేరి పదునెక్కే చోట్లు, కూడా లేవు. వీటి ప్రభావం ఏమిటో చూపించిన పని ఒకటి నాకు ఎప్పటికీ ఇష్టం. 1992లో బాసెల్ ఇమ్యునాలజీ సంస్థలోని లూయీ డు పాస్కీర్ తదితరులు ఒక ప్రశ్న వేసుకున్నారు. కప్ప యాంటీబాడీలు రోజులు గడిచినా మన యాంటీబాడీల్లా పదునెక్కవు, ఎందుకు? జన్యువుల్లో ఉత్పరివర్తనాలు జరగడం లేదా? చూస్తే అవి బాగానే జరుగుతున్నాయి. జరిగిన మార్పుల్లో మంచివాటిని ఏరి నిలబెట్టే చోటు లేదు. మార్పు చేసే యంత్రాంగం పాతది, ఏరే యంత్రాంగం తర్వాత వచ్చింది. మన ఒంట్లో ఈ రెండూ ఒకేచోట కలిసిపోయి ఉండడం వల్ల, ఇవి రెండు వేర్వేరు ఆవిష్కరణలని మనిషిని మాత్రమే చూస్తే తెలుసుకోలేం.

ఇంకో ముచ్చట. జెనోపస్ వర్గంలో కొన్ని జాతులకు క్రోమోజోముల జతలు రెట్టింపులయ్యాయి. ట్రాపికాలిస్‌కు 20 క్రోమోజోములు, లీవిస్‌కు 36, రువెంజోరి కొండల జాతికి ఏకంగా 108. జన్యువులు ఇన్ని రెట్లయితే ఎంహెచ్‌సీ జన్యువులూ అన్ని రెట్లుండాలి కదా? ఉండవు. ఎంహెచ్‌సీ ప్రాంతం మాత్రం మామూలు జంతువులో ఉన్నన్ని ప్రతులకే తగ్గిపోయింది. రకాలు మరీ ఎక్కువైతే, వాటికి అతుక్కునే టి కణాలన్నిటినీ థైమస్ ప్రమాదకరమని చంపేస్తుంది, చివరికి బలగమే మిగలదు. డు పాస్కీర్ చెప్పిన వివరణ ఇది, నాకూ సబబుగానే తోస్తుంది. ఇంత పొదుపు తెలిసిన వ్యవస్థను నాసిరకమని ఎలా అంటాం?

ప్రశ్న: కప్ప ఒంటి జిగురు పుండ్లకు మందని విన్నాను. రాసుకోవచ్చా?

జవాబు: వద్దు. కొన్ని జాతుల జిగురులో విషాలుంటాయి, బ్యాక్టీరియా ఎలాగూ ఉంటుంది. అందులోంచి శుద్ధి చేసిన పదార్థాల మీద మాత్రం గట్టి పరిశోధన జరిగింది. మైకేల్ జాస్లాఫ్ గుడ్ల కోసం జెనోపస్‌లకు ఆపరేషన్ చేసి, కుట్లు వేసి, మామూలు నీళ్లలోకి వదిలేవాడు. ఆ గాయాలు చీము పట్టకుండా మానడం గమనించి, 1987లో వాటి చర్మం నుంచి మాగైనిన్లనే రెండు చిన్న ప్రొటీన్లను వేరుచేశాడు. ఒక్కోదానిలో 23 అమినో ఆమ్లాలు. బ్యాక్టీరియా పొరకు చిల్లులు పెడతాయి. వాటి ఆధారంగా చేసిన పెక్సిగనాన్ అనే లేపనం మధుమేహుల కాలి పుండ్ల మీద పరీక్షల దాకా వెళ్లింది కానీ 1999లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆమోదం దొరకలేదు. 2017లో కేరళకు చెందిన ఒక కప్ప చర్మం నుంచి ఉరుమిన్ అనే పెప్టైడ్ (ఇలాంటి చిన్న ప్రొటీన్లను పెప్టైడ్లంటాం) తీసి, కొన్ని ఫ్లూ వైరస్‌లను అది నాశనం చేస్తుందని చూపించారు. మీ పుండుకు మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్లండి.

ఈ పెప్టైడ్లు కప్పకు ఎప్పుడు వస్తాయన్నది నాకు అంతకన్నా ముఖ్యమైన విషయం. వాటిని తయారుచేసే చర్మగ్రంథులు రూపవిక్రియలోనే పూర్తిగా ఏర్పడతాయి. కొన్ని జాతుల్లో బుల్లికప్ప గట్టెక్కిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు వాటి మోతాదు తక్కువే. తర్వాతి జవాబుకు ఇది కూడా కావాలి.

ప్రశ్న: ప్రపంచమంతా కప్పలు ఒక బూజు వల్ల చనిపోతున్నాయని చదివి బాధేసింది. కోళ్లకూ కుక్కలకూ టీకాలున్నాయి. కప్పలకు వేయలేమా? వాటి ఒంట్లోనే యాంటీబాడీలు ఉన్నాయని మీరే అన్నారు కదా!

జవాబు: ఈ ఉత్తరం రాసినవారికి నా నమస్కారాలు. నాకూ ఈ బాధ చాలా ఏళ్లుగా ఉంది.

ఆ బూజు పేరు బాట్రాకోకైట్రియమ్ డెండ్రోబాటిడిస్, పొట్టిగా కైట్రిడ్ శిలీంధ్రం. ఆస్ట్రేలియాలో, మధ్య అమెరికాలో కప్పలు కుప్పలుగా చనిపోవడానికి కారణం ఇదేనని 1998లో తేలింది, మరుసటి ఏడాది దానికి పేరు పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్న రకం మూలం తూర్పు ఆసియాలో, కొరియా ప్రాంతంలో ఉందని 2018లో జన్యుపరిశోధన సూచించింది. జంతువుల వ్యాపారంతో పాటు ఖండాలు దాటింది. 2019లో వేసిన అంచనా ప్రకారం 501 ఉభయచర జాతులు దీనివల్ల క్షీణించాయి, అందులో 90 జాతులు అంతరించిపోయినట్టే. ఒక్క రోగం ఇన్ని వెన్నెముక జీవుల జాతులను తుడిచిపెట్టడం మనకు తెలిసిన చరిత్రలో మరెక్కడా లేదు.

అది కెరాటిన్‌తో గట్టిపడిన కణాల్లో పెరుగుతుంది. తోకకప్పకు అలా గట్టిపడిన కణాలు నోటి దగ్గర మాత్రమే ఉంటాయి కాబట్టి శిలీంధ్రం అక్కడే ఉంటుంది, తోకకప్ప సాధారణంగా బతుకుతుంది. రూపవిక్రియతో చర్మమంతటా అలాంటి కణాలు వస్తాయి. శిలీంధ్రం నోటి నుంచి ఒళ్లంతా పాకుతుంది. సరిగ్గా అప్పుడే లింఫోసైట్లు తగ్గి ఉంటాయి, చర్మపు పెప్టైడ్లు ఇంకా చాలినన్ని ఉండవు. మొదటి జవాబులో గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. రెండు వ్యవస్థల మధ్య అతుకు దగ్గర ఉన్న ఆ బలహీనతలోకి ఈ రోగం దిగబడుతుంది. చాలా జాతుల్లో అప్పుడే గట్టెక్కిన బుల్లికప్పలు ఎక్కువగా చనిపోతుండడానికి ఇదొక కారణం. కప్ప చర్మంతో నీళ్లూ లవణాలూ పీల్చుకుంటుంది. చర్మం పాడైతే రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగిపోతుందని 2009లో తేలింది.

టీకా సంగతికి వద్దాం. ప్రయత్నించారు. చంపిన శిలీంధ్రంతో పర్వత పసుపుకాళ్ల కప్పలకు టీకా వేస్తే ఫలితం లేకపోయిందని 2010లో తేలింది. ఎందుకు లేదో 2013లో కొంత అర్థమైంది. ఈ శిలీంధ్రం విడుదలచేసే పదార్థాలు కప్ప లింఫోసైట్లను పెరగనివ్వవు, చంపేస్తాయి. పెద్ద కప్పకు కట్టుదిట్టమైన సైన్యం ఉన్నా, రోగమే ఆ సైన్యాన్ని లొంగదీసుకుంటోంది. ఆ ఏడాది నాకు చాలా నిరాశగా ఉండేది.

మరుసటి ఏడాదే ఆశ కనిపించింది. క్యూబా చెట్టుకప్పలకు శిలీంధ్రం సోకించి, వేడితో దాన్ని పోగొట్టి, మళ్లీ సోకించి, మళ్లీ పోగొట్టి చూశారు. పదేపదే ఎదుర్కొన్న కప్పల మీద శిలీంధ్రం తగ్గింది, లింఫోసైట్లు పెరిగాయి, బతికేవి ఎక్కువయ్యాయి. చచ్చిన శిలీంధ్రాన్ని చూపించినా కొంత ప్రయోజనం కనిపించింది. ఒక జాతిలో విఫలమైనది మరో జాతిలో ఫలించింది. కాబట్టి ‘కప్పకు టీకా పనిచేస్తుందా’ అని మొత్తం కప్పలకు కలిపి ఒకే ప్రశ్న వేయడం సరికాదు. ఏ జాతి, ఏ వయసు, ఎంత వెచ్చదనంలో అని అడగాలి. వెచ్చదనం ఎందుకంటే, కప్పది శీతల రక్తం. చలిలో దాని రక్షణ మందగిస్తుంది. శిలీంధ్రానికేమో 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా సాగుతుంది, 30 దాటితే బతకలేదు.

ఈ తేడానే వాడుకున్న పని నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆస్ట్రేలియాలో ఆకుపచ్చ బంగారు గంటకప్ప అనే జాతి ఈ రోగంతో చాలాచోట్ల కనుమరుగైంది. అక్కడి మక్వారీ విశ్వవిద్యాలయం పరిశోధకులు నల్లరంగు వేసిన, రంధ్రాలున్న ఇటుకలను చిన్న హరితగృహాల్లో పేర్చి ఎండకు వదిలారు. కప్పలు తమంతట తామే వెచ్చటి రంధ్రాల్లోకి దూరాయి. ఒంటి వేడి పెరిగి శిలీంధ్రం తగ్గింది. అలా కోలుకున్న కప్పలకు తర్వాత చల్లని వాతావరణంలో మళ్లీ సోకినా బాగా తట్టుకున్నాయి. 2024లో ఈ ఫలితాలు ప్రచురించారు. సూది లేదు, మందు లేదు. రోగం నుంచి కోలుకునే వీలు కల్పించి, మిగతాది కప్ప సొంత జ్ఞాపకశక్తికే వదిలేశారు. పనామాలోనూ రోగం వచ్చి వెళ్లిన కొన్నేళ్లకు కొన్ని జాతులు తిరిగి కనిపించాయి. వాటి చర్మ స్రావాలు శిలీంధ్రాన్ని మునుపటికన్నా బాగా అడ్డుకుంటున్నాయని 2018లో చూపించారు.

ఇక మీ ప్రశ్నకు నా సూటి జవాబు. అడవిలోని ప్రతి కప్పకూ టీకా వేయలేం, వేయగలిగినా అన్ని జాతుల్లో పనిచేయదు. కానీ సంరక్షణ కేంద్రాల్లో పెంచి అడవిలోకి వదిలే జాతులకు, వదలడానికి ముందు ఇలా శిక్షణ ఇవ్వడం వీలయ్యే పనే. అది కూడా రూపవిక్రియ దాటి, థైమస్ మళ్లీ నిండి, చర్మపు పెప్టైడ్లు వచ్చాకే చేయాలని నా గట్టి అభిప్రాయం. తోకకప్పగా ఉన్నప్పుడు నేర్పింది ఎంతవరకు నిలుస్తుందో నమ్మకం లేదు, నేర్చుకున్న కణాల్లో చాలా భాగం ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే చనిపోతాయి కాబట్టి.

వచ్చే సంచికలో సాలమాండర్లు. కాలు తెగితే మళ్లీ మొలిపించుకునే జీవి చర్మపు అతుకును తోసేయడానికి కప్పకన్నా ఎందుకు ఎక్కువ రోజులు తీసుకుంటుందని ఇద్దరు పాఠకులు అడిగారు. దానికి ఒక ఉత్తరమంత జవాబు చాలదు.